వరి పూసే గంటకు విద్యార్థులు ఎక్కడున్నారు?
వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో సిలబస్ రాసే గురువులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గురువులకు,

నమస్కారం. మొక్కల శాస్త్రం, పంటల సాగు చదివే పిల్లలకు సిలబస్ రాసేది మీరు, టైమ్‌టేబుల్ వేసేది మీరు, ప్రాక్టికల్ మార్కులు నిర్ణయించేదీ మీరే. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నేనూ ఆ చదువే చదివాను. డిగ్రీ అయ్యాక హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తిలో చేరాను, ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే. ప్రతి విద్యార్థికీ ఒక మడి ఇవ్వండి. విత్తిన రోజు నుంచి నూర్చిన రోజు దాకా ఆ మడి బాధ్యత పూర్తిగా ఆ విద్యార్థిదే కావాలి. మీరు చెప్పే పాఠాలు ఆ మడిని ఆనుకుని నడవాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఉద్యోగంలో నా మొదటి సీజన్ సంగతి చెప్పాలి.

హైబ్రిడ్ వరి విత్తనం పండించే పొలంలో ఆడ వరసలు, మగ వరసలు వేరుగా ఉంటాయి. ఆడ వరసల్లో పుప్పొడి పనిచేయదు. పక్కనున్న మగ వరసల నుంచి పుప్పొడి వచ్చి పడితేనే గింజ కడుతుంది. గాలి ఒక్కటే ఆ పని సరిగా చేయలేదు. అందుకని పూత సమయంలో ఇద్దరు మనుషులు పొలానికి అటూ ఇటూ నిలబడి, పొడవాటి తాడును మగ వరసల కంకుల మీదుగా లాగుతారు. పుప్పొడి పొగలా లేచి ఆడ వరసల మీద పడుతుంది. అరగంటకోసారి, రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా చేస్తారు. పుప్పొడి బతికి ఉండేది కొన్ని నిమిషాలే కాబట్టి ఈ పనికి వేళ చాలా ముఖ్యం.

ఆ వేళ ఎప్పుడో నాకు తెలియదు. వరి పువ్వులో ఆరు కేసరాలుంటాయని తెలుసు. లాడిక్యూల్స్ అనే చిన్న పొలుసులు నీరు పీల్చుకుని ఉబ్బితే పొట్టు విచ్చుకుంటుందని తెలుసు. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. పొలంలో మాత్రం ఉదయం ఎనిమిదింటికే మనుషుల్ని తాడు పట్టించి నిలబెట్టాను. అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ, "ఇంకా వేళ కాలేదండీ, కాస్త ఎండ ఎక్కనివ్వండి" అంది. పది దాటుతుండగా తనే పిలిచి ఒక కంకి వంచి చూపించింది. మూసుకుని ఉన్న పొట్టు రెండుగా విచ్చుకుంది. సన్నని తీగల్లాంటి కాడలు చూస్తుండగానే సాగాయి, లేతపసుపు రంగు పుప్పొడి తిత్తులు బయటికి వేలాడాయి. చుట్టూ చూస్తే పొలమంతా అదే జరుగుతోంది. కాసేపటికి పొట్టు మళ్లీ మూసుకుంది. అప్పటికి నా డిగ్రీ పూర్తయి రెండేళ్లు.

నాలుగేళ్ల చదువులో నేను దాన్ని ఎందుకు చూడలేదని తర్వాత చాలా రోజులు ఆలోచించాను. కారణం చిన్నదే. మా ఫీల్డ్ ప్రాక్టికల్ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఉండేది. వరి పూసేది సాధారణంగా ఉదయం తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య. మేం పొలానికి వెళ్లేసరికి పొట్టు బయట వాడిపోయి వేలాడే తిత్తులు తప్ప ఏమీ మిగిలేవి కావు. పూత వేళకు మేం తరగతి గదిలో కూర్చుని పూత గురించి నోట్సు రాసుకుంటున్నాం.

ఆ గంట మీద ఎంత ఆధారపడి ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. పువ్వు విచ్చుకున్న సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి ఓ గంట పాటు ఉంటే చాలు, పరాగ సంపర్కం దెబ్బతిని తాలు పెరుగుతుంది. అందుకే ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి, ఎండ ముదరక ముందే పూసే గుణాన్ని సాగు వరిలోకి తెచ్చే పని పరిశోధకులు చేశారు. పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుందో కళ్లారా చూసిన విద్యార్థికి ఆ పరిశోధన ఎందుకు చేస్తున్నారో ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. చూడని విద్యార్థికి అది బట్టీ పట్టాల్సిన ఇంకో పేరు, అంతే.

మాకూ పొలం ఉండేది. నాట్లు వేసిన రోజు నాకు బాగా గుర్తుంది. రెండు గంటల క్లాసు, సగం మంది గట్టు మీదే నిలబడ్డారు. ఆ తర్వాత రెండు మూడు సార్లు తీసుకెళ్లారు. పైరు పూతకొచ్చినప్పుడు ఇంటర్నల్ పరీక్షలు, కోతకొచ్చినప్పుడు సెలవులు. తిరిగి వచ్చేసరికి మోడులు కూడా దున్నేసి ఉన్నాయి. దిగుబడి అంకెలు బోర్డు మీద రాశారు, మేం రికార్డులో ఎక్కించుకున్నాం, సంతకాలు అయ్యాయి. అందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. మా మాస్టారు మంచి మనిషి, ఆయనకు ఇచ్చిన గంటలు అవే. కానీ ఆ రికార్డులో నేను రాసిన ఒక్క అంకె కూడా నేను కొలిచింది కాదన్న బాధ ఇప్పటికీ పోలేదు.

దిగుబడినే తీసుకోండి. చదరపు మీటరుకు 300 కంకులు, కంకికి 100 గింజలు, వాటిలో 85 శాతం నిండినవి, వెయ్యి గింజల బరువు 22 గ్రాములు. గుణిస్తే చదరపు మీటరుకు 561 గ్రాములు, అంటే హెక్టారుకు సుమారు 5.6 టన్నులు. ఈ లెక్క ఏ విద్యార్థి అయినా రెండు నిమిషాల్లో చేస్తాడు. కానీ ఈ నాలుగు అంకెలూ నాలుగు వేర్వేరు రోజుల్లో తేలతాయి. కంకుల సంఖ్య పిలకలు వేసే దశలోనే దాదాపు ఖాయమవుతుంది. కంకికి ఎన్ని గింజలన్నది పూతకు సుమారు నెల ముందు, కాండం లోపల కంటికి కనపడనంత చిన్నగా కంకి మొదలైనప్పటి నుంచి తేలుతూ వస్తుంది. నిండడం, బరువు పూత నుంచి కోత మధ్య తేలతాయి. ఆ రోజుల్లో మడి దగ్గర ఉన్న విద్యార్థి ఒక దుబ్బు పీకి, కాండాన్ని బ్లేడుతో నిలువుగా చీల్చి, లోపల తెల్లగా, నూగుతో ఉన్న ఆ చిన్న కంకిని చూస్తే చాలు. ఎరువు ఇప్పుడే ఎందుకు వేయాలి, పది రోజులు ఆలస్యమైతే ఏది పోతుంది అన్నది మళ్లీ ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంకో విషయం కాస్త వివరంగా చెప్పాలి. మన చదువులో మొక్కల శాస్త్రం ఒక గదిలో, పంటల సాగు ఇంకో గదిలో ఉంటాయి. తెగుళ్లు ఒక డిపార్ట్‌మెంట్, కొత్త రకాలు తయారుచేసే ప్రజననం ఇంకొకటి, సాగు పద్ధతులు చెప్పే సస్యశాస్త్రం మరొకటి. ఎవరి పాఠం వారు బాగానే చెబుతారు. వాటిని కలిపే పని మాత్రం పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లల మీద వదిలేస్తున్నాం.

మొక్కను పొడుగ్గా సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ సంగతి చూడండి. వరిలో బకానే అనే తెగులుంది. అది సోకిన నారు పాలిపోయి, మిగతా నారు కంటే సన్నగా, అసహజంగా పొడుగ్గా సాగుతుంది. ఇది తెగుళ్ల పాఠం. ఆ సాగడానికి కారణం శిలీంధ్రం వదిలే ఒక పదార్థమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపించారు. తర్వాత దానికే జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు, మొక్కలు తమంతట తాము కూడా దాన్ని తయారుచేసుకుంటాయని తేలింది. ఇది ఫిజియాలజీ పాఠం. నేను పనిచేసే పొలాల్లో ఆడ వరసల కంకి పోటాకులోంచి పూర్తిగా బయటపడదు. లోపలే ఉండిపోయిన పువ్వుకు పుప్పొడి అందదు. అందుకని పైరు ఈనే సమయంలో జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తాం, కంకి మెడ సాగి బయటికి వస్తుంది. ఇది విత్తనోత్పత్తి పాఠం. ఇక గోధుమ. జపాన్ రకం నోరిన్ 10 నుంచి వచ్చిన పొట్టి జన్యువులతో అమెరికా శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో పొట్టి గోధుమలు తయారుచేశారని, 1970లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని ప్రజననం మాస్టారు చెబుతారు. ఆ పొట్టి జన్యువులు చేసేది మొక్క జిబ్బరెల్లిన్‌కు స్పందించే తీరును తగ్గించడమే. కాండం పొట్టిగా ఉండటానికి కారణం అదే. మొలకను కప్పుకుని మట్టిలోంచి పైకి వచ్చే కోలియోప్టైల్ తొడుగు పొట్టిగా ఉండటానికీ అదే కారణం. కాబట్టి ఆ గోధుమలను తేమ కోసం మరీ లోతుగా విత్తితే తొడుగు నేల పైకి అందదు, మొలక మట్టిలోనే ఆగిపోతుంది. విత్తే లోతు అన్నది సస్యశాస్త్రం పాఠం.

ఇది మొదటి నుంచి చివరి దాకా ఒకే కథ. నేను దాన్ని ఐదు పుస్తకాల్లో ఐదు ముక్కలుగా చదివాను. అవి ఒకటేనని తెలిసేసరికి ఉద్యోగంలో ఆరేళ్లు గడిచాయి. ఒక విద్యార్థి తన మడిలో మూడు వరసలు తీసి, పొట్టి గోధుమను 3, 6, 10 సెంటీమీటర్ల లోతుల్లో విత్తి, పక్కనే పాత పొడుగు రకాన్నీ అదే లోతుల్లో విత్తితే రెండు వారాల్లో ఈ కథ మొత్తం నేల మీద కనిపిస్తుంది. అప్పుడు ఐదుగురు మాస్టార్లూ ఆ వరసల దగ్గరికి రావచ్చు.

పోషకాల పాఠమూ అంతే. నత్రజని మొక్కలో కదులుతుంది కాబట్టి లోపిస్తే ముందు పాత ఆకులు పసుపెక్కుతాయి. ఇనుము కదలదు కాబట్టి కొత్త ఆకులు పాలిపోతాయి. పట్టికగా చదివితే పరీక్ష అయిన వారానికి తారుమారవుతుంది. మడిలో చూస్తే కాదు. హిమాలయాల దిగువన తరాయి ప్రాంతంలో వరికి వచ్చిన ఖైరా అనే రోగం జింక్ లోపమని 1966లో పంత్‌నగర్‌లో తేల్చినది వై.ఎల్. నెనె అనే పరిశోధకుడు. ఆయన తెగుళ్ల శాస్త్రవేత్త. తెగుళ్లు చదివిన మనిషి నేలలో జవాబు వెతికారు. అలాంటి చూపు అలవాటయ్యే చోటు మొదటి సంవత్సరం నుంచే ఉండాలని నా కోరిక.

పురుగుల విషయంలో నాకు ఎక్కువ బాధ ఉంది. మేం పురుగుల్ని పట్టి, గుండుసూదులు గుచ్చి, పెట్టెలో అమర్చి మార్కులు తెచ్చుకున్నాం. పెట్టెలోని ప్రతి పురుగూ శత్రువులాగే కనిపిస్తుంది. కాండం తొలిచే పురుగు పిలకల దశలో మొవ్వును చంపుతుందని, అదే పురుగు పైరు ఈనాక తెల్లకంకిని చేస్తుందని పెట్టె చెప్పదు. సాలీళ్లు సుడిదోమను ఎలా తింటాయో చెప్పదు. అక్కర్లేని మందు కొట్టి ఆ సాలీళ్లను చంపితే సుడిదోమ ఇంకా ఎక్కువై తిరిగొస్తుందని చెప్పదు. ఇండోనేషియా ఈ పాఠాన్ని పంటలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో అక్కడ రైతు పొలంబడులు మొదలయ్యాయి. సీజన్ మొత్తం వారానికోసారి రైతులు పొలంలోకి దిగి, దుబ్బులు లెక్కపెట్టి, చూసిన పురుగుల్నీ వాటిని తినే పురుగుల్నీ పెద్ద కాగితం మీద బొమ్మ వేసి, మందు కావాలా వద్దా అని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లింది. రైతుకు అంత చక్కగా పనికొచ్చిన పద్ధతిని రైతుకు సలహా చెప్పడానికి చదువుతున్న విద్యార్థికి ఎందుకు ఇవ్వకూడదు?

స్టాటిస్టిక్స్ అంటే అందరికీ టెన్షన్. నాకూ ఉండేది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ ప్రయోగం నడుస్తోంది. అలా దశాబ్దాలుగా పోగుపడిన అంకెల్ని విడమరచడానికి 1919లో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ అక్కడ చేరారు. ఈరోజు మనం చదివే రాండమైజేషన్ (ఏ మడికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించడం), రెప్లికేషన్ (ఒకే పరీక్షను పలు మడుల్లో చేయడం), వేరియన్స్ విశ్లేషణ (అంకెల్లో తేడా ఎక్కడిదో విడదీయడం) ఆయన అక్కడ చేసిన పనిలోంచే రూపుదిద్దుకున్నాయి. అంటే ఆ సబ్జెక్టులో పెద్ద భాగం పొలంలో పుట్టింది. మనం దాన్ని అచ్చువేసిన అంకెలతో నేర్పుతున్నాం. నలభై మంది విద్యార్థులు ఒకే రకం, ఒకే రోజు, ఒకే ఎరువుతో నలభై మడులు వేసి, కోసి, తూకం వేసి అంకెలు పక్కపక్కన రాస్తే అవి ఒక్కలా ఉండవు. ఏ తేడా పెట్టకుండానే ఇంత తేడా ఎక్కడిదని వాళ్లే అడుగుతారు. ప్రయోగ దోషం అన్న మాటకు అర్థం ఆ రోజు తెలుస్తుంది. నాలుగు మీటర్లు, మూడు మీటర్లు ఉన్న మడిలో గట్టు పక్క మొక్కలు ఎక్కువ వెలుతురు తీసుకుంటాయని చుట్టూ అర మీటరు వదిలేస్తే, కొలవడానికి మిగిలేది 12 చదరపు మీటర్లలో 6 మాత్రమే. తన పంటలో సగం లెక్కలోకి రాదని తెలిసిన విద్యార్థి బోర్డర్ ఎఫెక్ట్‌ను జన్మలో మర్చిపోడు.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. నేల ఎక్కడిది అంటారు. 120 మందికి 12 చదరపు మీటర్ల చొప్పున 1440 చదరపు మీటర్లు. దారులు, కాలువలు కలుపుకున్నా పావు హెక్టారులో సరిపోతుంది. సెమిస్టర్‌లో పంట పూర్తి కాదంటారు. మొదటి సెమిస్టర్‌కు పెసర లాంటి రెండు, రెండున్నర నెలల పంట పెట్టండి. నెల రోజుల మొక్కను పీకకుండా మట్టితో సహా తవ్వి, నీళ్లలో నానబెట్టి, వేరు బుడిపెల్ని గోటితో చీల్చి లోపలి గులాబీ రంగు చూడమనండి. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, బుడిపె గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తోందనడానికి గుర్తు. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయన్నది కూడా మొదటిసారి పీకినవారికే తెలుస్తుంది. పొడవాటి పంటలు తర్వాతి సంవత్సరాల్లో రెండు సెమిస్టర్ల మీదుగా సాగనివ్వండి, మార్కులు చివర్లో వేయండి. సెలవుల్లో నీళ్లెవరు పెడతారన్నది నిజమైన ఇబ్బందే. మడుల్ని ఇద్దరిద్దరికి జతచేసి వంతులు వేసుకోమనడం, క్షేత్ర సిబ్బందికి ఆ రోజుల పని లెక్కలో చూపడం తప్ప నాకు వేరే దారి తోచలేదు. ఇంతకంటే మంచి దారి మీకు తోస్తే అదే పెట్టండి.

మార్కుల విషయంలో మాత్రం గట్టిగా అడుగుతున్నాను. దిగుబడికి మార్కులు వేయకండి. వేస్తే పిల్లలు పక్క మడి గింజలు కలుపుతారు, లేదా అంకెలు కల్పిస్తారు. నోటుబుక్కుకు వేయండి. తేదీ, వేళ, చూసింది, కొలిచింది, అనుకున్నది, అనుకున్నది తప్పని తేలిన రోజు. అగ్గి తెగులు వచ్చి మడి మొత్తం పోయిన విద్యార్థి, మొదటి మచ్చ ఏ ఆకు మీద ఎప్పుడు కనిపించిందో, అంతకు ముందు రాత్రుళ్లు మంచు ఎంతసేపు నిలిచిందో రాసి ఉంటే పూర్తి మార్కులకు అర్హుడు. బాగా పండిన మడి పక్కన ఖాళీ నోటుబుక్కు ఉంటే మార్కులు అక్కర్లేదు.

వచ్చే సీజన్ టైమ్‌టేబుల్ వేసే ముందు ఒక చిన్న పని చేయండి. మీ క్షేత్రంలో పైరు పూతకొచ్చే వారం ఏదో కనుక్కుని, ఆ వారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు తరగతులేవీ పెట్టకండి. మడుల పథకం మొత్తానికి అనుమతులు రావడానికి ఏడాది పట్టినా, ఈ ఒక్క వారానికి ఎవరి అనుమతీ పెద్దగా అవసరం లేదనుకుంటాను. ఏ విశ్వవిద్యాలయం పిలిచినా ఆ వారం నేను వస్తాను. ఆ పెద్దావిడ నాకు కంకి వంచి చూపించినట్టే మీ విద్యార్థులకు చూపిస్తాను.

ఇట్లు,
వరి విత్తన పొలాల్లో పనిచేసే ఒక పూర్వ విద్యార్థి